మేనమామ సంతకం

ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాలో పాడాంగ్ నగరం నుంచి దక్షిణంగా, సముద్రం వైపు దిగుతూ సాగే రోడ్డు సుమారు 80 కిలోమీటర్ల తర్వాత పైనాన్ చేరుతుంది. ఇది పెసిసిర్ సెలాతన్ జిల్లా కేంద్రం. జిల్లా ఆకారం చూస్తేనే అక్కడి బతుకు సగం అర్థమవుతుంది. 200 కిలోమీటర్లకు పైగా పొడవైన తీరం, వెనకాలే బుకిత్ బరిసాన్ కొండలు. ఆ కొండల అడవిలో చాలా భాగం కెరించి సెబ్లాత్ జాతీయ పార్కు కింద ఉంది. జిల్లా విస్తీర్ణంలో సగానికి కాస్త తక్కువ పార్కు లోపలికే పోయింది. మిగిలిన సన్నటి పట్టీలో 5 లక్షల మంది వరి పండించుకుంటూ, చేపలు పట్టుకుంటూ, రోడ్డుకు అడ్డంగా పడుకున్న పొట్టి ఆవులను తప్పించుకుంటూ బతుకుతున్నారు.

సురాంతిహ్, కంబాంగ్ వైపు ఊళ్లలో ఒక మామూలు కుటుంబాన్ని తీసుకోండి. కొద్దో గొప్పో వరి పొలం ఉంటుంది. కొబ్బరి చెట్లుంటాయి. ఇంటి స్థలానికి అద్దె కట్టక్కర్లేదు, దాన్ని ఎవరూ సులువుగా లాక్కోలేరు. అయినా పడవకు కొత్త ఇంజన్ కొనాలంటే చేతిలో డబ్బుండదు. పొలం చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవడం కుదరదు. ఎదిగిన మగపిల్లల్లో ఒకరిద్దరు జకార్తాలోనో పెకన్‌బారులోనో ఉంటారు. భూమి లేక పేదవైన పల్లెలు మనకు బాగా తెలుసు. భూమి ఉండీ డబ్బు పుట్టని పల్లె సంగతి తెలియాలంటే మినాంగ్‌కబావ్‌ల ఆస్తి లెక్కలోకి దిగాలి.

పొలం ఎవరిది

మినాంగ్‌కబావ్‌లు ముస్లింలు. తల్లి వంశాన్ని అనుసరించే సమాజాల్లో ప్రపంచంలోనే పెద్దది వీళ్లదని చెబుతారు. 2010 జనాభా లెక్కల ప్రకారం ఇండోనేషియాలో వీళ్లు 64 లక్షల మందికి పైగా ఉన్నారు. పుట్టిన బిడ్డ తల్లి గోత్రానికి చెందుతుంది, దాన్ని సుకు అంటారు. ఒకే ముత్తవ్వ నుంచి దిగిన వాళ్లంతా ఒక కౌమ్. పొలం, ఇంటి స్థలం, చేపల కుంట ఆ కౌమ్ మొత్తానివి. ఈ పెద్ద వారసత్వానికి పుసాకో తింగ్గి అని పేరు. ఇది తల్లి నుంచి కూతుళ్లకు దిగుతుంది, కానీ కూతుళ్లు దాన్ని పంచుకుని ఎవరి ముక్క వాళ్లు అమ్ముకునే హక్కు లేదు. ఫలానా పొలం నువ్వు సాగు చేసుకో అని ఒక అక్కకు కేటాయిస్తారు, లేదా పొలం చిన్నదైతే అక్కాచెల్లెళ్లు వంతులవారీగా చేసుకుంటారు.

ఆస్తి ఆడవాళ్ల పేరు మీద నడిచినా బయటి వ్యవహారం మేనమామది. అతన్ని మామక్ అంటారు. అక్కాచెల్లెళ్ల పిల్లల చదువు, పెళ్లి, పొలం తగాదా అన్నీ అతని బాధ్యత. గోత్రానికి ఒక పెద్ద ఉంటాడు, అతనికి దాతుక్ అన్న బిరుదు వస్తుంది. ఇంటి పెద్దావిడ ఒప్పుకోకుండా మామక్ పొలాన్ని ముట్టుకోలేడు, మామక్ సంతకం లేకుండా ఆవిడా ఏమీ చేయలేదు. పర్యాటక పత్రికలు దీన్ని ఆడవాళ్ల రాజ్యంగా రాసేస్తుంటాయి. ఒకరి చేతిలో తాళం, ఇంకొకరి చేతిలో తాళంచెవి ఉన్న ఏర్పాటును రాజ్యం అనడం కష్టం.

ఇక భర్త సంగతి. మన మాటల్లో చెప్పాలంటే ఇక్కడ ప్రతి అల్లుడూ ఇల్లరికపు అల్లుడే. అతన్ని సుమాందో అంటారు. మొద్దు మీది బూడిదలాంటివాడు, గాలి ఊదితే ఎగిరిపోతాడని అతని మీద ఒక పాత సామెత ఉంది. పూర్వం భర్త చీకటి పడ్డాక భార్య ఇంటికి వచ్చి, తెల్లారగానే తల్లి ఇంటికి పనికి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు అలా లేదు. చాలామంది భార్యాభర్తలు పిల్లలతో విడిగా చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు, తండ్రి సంపాదనతోనే పిల్లలు చదువుకుంటున్నారు. ఆ సంపాదన ఎవరికి చెందాలన్నది ఒకప్పుడు పెద్ద గొడవ. 1952లో బుకిత్తింగ్గిలో మత పెద్దలు, గోత్ర పెద్దలు కూర్చుని దానికో దారి చూశారు. వంశం నుంచి వచ్చిన ఆస్తి మేనరికపు వరసలో, అంటే మామ నుంచి మేనల్లుళ్ల మేనకోడళ్ల తరానికి వెళ్లాలి. సొంతంగా సంపాదించింది ఇస్లామిక్ వారసత్వ నియమం ప్రకారం పిల్లలకు చెందాలి. మేనమామ కూతుర్ని చేసుకోవడం అక్కడా మంచి సంబంధమే. మేనరికాలు చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఈ చుట్టరికాల లెక్క యూరప్ వాళ్లకన్నా త్వరగా ఎక్కుతుంది.

తీరం కొండలాగా ఉండదని కూడా గుర్తుపెట్టుకోవాలి. మినాంగ్‌కబావ్‌ల పుట్టినిల్లు లోపలి కొండప్రాంతంలోని మూడు సీమలు: అగామ్, తనహ్ దాతర్, లిమాపులుహ్ కోతో. అక్కడి నుంచి దిగి వచ్చినవాళ్లు స్థిరపడ్డ ప్రాంతం ఈ తీరం. సుమత్రా ఉత్తర కొస నుంచి సముద్రం మీద వచ్చిన అచే రాజ్యం ప్రభావమూ దీని మీద పడింది. పాడాంగ్‌కు ఉత్తరాన ఉన్న పారియామన్‌లో కొన్ని బిరుదులు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. అక్కడే పెళ్లికొడుకును తెచ్చుకోవడానికి పెళ్లికూతురి వాళ్లు డబ్బిచ్చే ఆచారమూ ఉంది. తల్లి వంశమే నడిపించే సమాజంలో వరకట్నాన్ని పోలిన పద్ధతి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. అల్లుడు వాళ్లింటికి వస్తున్నాడు, అతన్ని వదులుకుంటున్నది అతని తల్లి ఇల్లు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. పుసాకో తింగ్గిని అమ్మకూడదు. తాకట్టు పెట్టడానికైనా ఆచారం నాలుగే కారణాలు ఒప్పుకుంటుంది. ఇంట్లో శవం ఉండి ఖననానికి డబ్బు లేకపోవడం, పెళ్లీడు దాటిన ఆడపిల్ల పెళ్లి, వంశపు ఇల్లు కురుస్తుండడం, ఖాళీగా పడి ఉన్న దాతుక్ పదవిలో కొత్త పెద్దను నిలబెట్టడం. పడవ ఇంజన్, కోళ్ల షెడ్డు, కూతురి కాలేజీ ఫీజు ఈ జాబితాలో లేవు. బ్యాంకుకు కావాల్సింది ఒక మనిషి పేరున్న పట్టా. కౌమ్ భూమికి పట్టా చేయించాలంటే వంశవృక్షం గీసి, దాని మీద సంబంధించిన మామక్‌లు, దాతుక్ సంతకాలు పెట్టాలి. వాళ్లలో ఒకరు మలేషియాలో ఉంటారు, ఒకరు పదేళ్లుగా చెల్లెలితో మాట్లాడరు. వంశవృక్షంలో ఒక పేరు తప్పిపోయినా కోర్టు కేసు అవుతుంది. ఒకరి పేరు మీద పట్టా ఇచ్చేస్తే మిగిలినవాళ్ల హక్కు పోతుందన్న భయం ఉత్తిది కాదు. అందుకే కౌమ్ పేరు మీదే ఉమ్మడి పట్టా ఇచ్చే దారి ఉంది. అది భూమిని కాపాడుతుంది సరే, దాన్ని చూసి అప్పిచ్చే బ్యాంకు మేనేజర్ దొరకాలి కదా.

ఈ ఆచారాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసే ఆర్థికవేత్తలతో నాకు పేచీ ఉంది. 1997-98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఇండోనేషియా కరెన్సీ రూపాయా కుప్పకూలి జకార్తాలో ఉద్యోగాలు పోయినప్పుడు తిరిగి వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది ఇలాంటి ఊళ్లే. పొలం అమ్ముడుపోయి ఉంటే వాళ్లు ఎక్కడికి వచ్చేవారు? అదే భూమి ఆ తర్వాత వాళ్లను మళ్లీ వెళ్లగొట్టింది కూడా. ఇద్దరు కూర్చుని తినగలిగే పొలం మీద ఆరుగురు బతకలేరు.

వెళ్లిపోవడం ఆచారమే

మగపిల్లాడికి వంశపు ఇంట్లో గది ఉండదు. గదులు కూతుళ్లవి. పాతకాలంలో ఏడెనిమిదేళ్లు వచ్చాక అబ్బాయిలు సురావులో, అంటే ఊరి ప్రార్థనా మందిరంలో పడుకునేవాళ్లు. ఖురాన్, కుస్తీ, మాటకారితనం అక్కడే నేర్చుకునేవాళ్లు. ఆ తర్వాత ఊరు దాటి వెళ్లాలి. ఇంకా పూత పిందె లేని చెట్టులా ఊళ్లో నీ వల్ల ఉపయోగం లేదు, ముందు బయటికి వెళ్లు అని కుర్రాడికి చెప్పే పద్యం ప్రతి మినాంగ్‌కబావ్‌కీ నోటికి వస్తుంది. 1958లో పాడాంగ్ కేంద్రంగా జకార్తా ప్రభుత్వం మీద తిరుగుబాటు వచ్చి అణిగిపోయాక ఈ వలస వరదలా పెరిగింది. ఓడిపోయిన ప్రాంతంలో ఉండడం కన్నా గెలిచినవాళ్ల రాజధానిలో కొట్టు పెట్టుకోవడం నయమనుకున్నారు. జకార్తాలో తనహ్ అబాంగ్ బట్టల బజారు, ఇండోనేషియాలో ఏ ఊళ్లోనైనా కనబడే పాడాంగ్ భోజన హోటళ్లు ఆ వలస ఫలాలే. ఆ హోటళ్లలో చాలా వాటిలో పనివాళ్లకు నెల జీతం ఉండదు, లాభంలో వాటా ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన కుర్రాడు గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, కొన్నేళ్లకు వంటమనిషై, ఆ తర్వాత సొంత హోటల్ పెట్టడం వాళ్లకు తెలిసిన ఎదుగుదల మెట్లు.

2010 లెక్కల్లో మినాంగ్‌కబావ్‌లలో సుమారు మూడోవంతు మంది పశ్చిమ సుమత్రా బయటే ఉన్నారు. రంజాన్ పండక్కి వాళ్లంతా కార్లలో బస్సుల్లో కలిసికట్టుగా దిగుతారు. మసీదుకు కొత్త పైకప్పు, ఊరికి అంబులెన్స్, స్కూలుకు గది లాంటివి చాలాచోట్ల ఆ వారంలోనే చందాలతో ఖరారవుతాయి. ఊరివాళ్ల టెన్షన్ కూడా ఆ వారంలోనే. పొలం తగాదాలకు కావలసిన సంతకాలన్నీ ఒక్కచోట దొరికేది అప్పుడే మరి. వలస వెళ్లినవాడు తెచ్చే డబ్బు ఎక్కువగా ఇంటికి, పెళ్లికి, మసీదుకు వెళుతుంది. ఊళ్లో నలుగురికి పని పుట్టించే దాని మీద పెట్టడానికి వాళ్లు వెనకాడతారు. పెట్టుబడి పెట్టే స్థలం తన భార్య వంశానిదైతే రేపు తన పిల్లలకు సరే, తనకు హక్కు ఉండదు. తన అక్క వంశానిదైతే తన పిల్లలకు ఏమీ రాదు. ఎటు చూసినా సొంత డబ్బు పరాయి నేలలో పాతినట్టే.

ఇప్పుడు ఆడపిల్లలూ వెళుతున్నారు. ఇది పాత లెక్కలో లేని సంగతి. ఊళ్లో హైస్కూలు అయ్యాక అమ్మాయి పాడాంగ్‌లో యూనివర్సిటీ చదువుకు వెళుతుంది, చాలామంది టీచర్ ట్రైనింగో నర్సింగో తీసుకుంటారు. తిరిగి వచ్చినవాళ్లు తాత్కాలిక టీచర్లుగా చేరతారు. జీతం చాలా తక్కువ, పర్మనెంట్ అయ్యే పరీక్ష కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూపు. కాంట్రాక్టు ఉద్యోగం, నోటిఫికేషన్, కటాఫ్ మార్కులు అనే మాటల మధ్య నలిగిన మన డీఎస్సీ అభ్యర్థులకు ఈ జీవితం గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మగవాళ్లు వెళ్లినా ఊరు నిలిచింది, ఎందుకంటే భూమీ ఇల్లూ ఆడవాళ్ల చుట్టూ తిరుగుతాయి. ఆడవాళ్లూ వెళ్లిపోతే పొలం పాలుకు ఇచ్చేయడమే. జకార్తాలో పుట్టిన మనవరాలు కాగితం మీద ఇంకా అదే సుకు మనిషి, కానీ ఏ గట్టు వరకు తమదో ఆమెకు తెలియదు.

ధర ఎక్కడో ఖరారవుతుంది

ఉన్నవాళ్లు ఏం చేసి బతుకుతారు? ఒకటే పని చేసే ఇల్లు తక్కువ. పొద్దున పొలం, సాయంత్రం పడవ, మధ్యలో మోటార్‌సైకిల్ మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పడం.

సముద్రంలో రాత్రి దీపాలు వెలిగించి కింద పెద్ద చదరపు వల దింపే పడవలను బగాన్ అంటారు. దీపానికి వచ్చిన నెత్తళ్లను వలతో పైకెత్తుతారు. పున్నమికి అటూ ఇటూ రోజుల్లో దీపం పనిచేయదు, వెన్నెల్లో చేప చెదిరిపోతుంది, అందుకని నెలలో కొన్ని రోజులు ఆ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఇంట్లో ఆ రోజులకు సరిపడా బియ్యం ఉంటే ఫరవాలేదు. లేకపోతే తోకె దగ్గరికి వెళ్లాలి. తోకె అంటే చేపలు కొనే వ్యాపారి, ఆయనే డీజిల్‌కు, వలకు, ఇంజన్‌కు అప్పిచ్చేది. వడ్డీ పేరు చెప్పడు, కాగితం రాయించుకోడు, పొలం అడగడు. పట్టిన చేప తనకే అమ్మాలంటాడు, ధర తను చెబుతాడు. బ్యాంకు చేయలేని పనిని ఆయన చేస్తున్నాడు కాబట్టి జాలరులు ఆయన్ని తిట్టుకుంటూనే గౌరవిస్తారు. చిన్న పడవ కూడా లేనివాళ్లు ఒడ్డున నిలబడి పెద్ద వలను అటు పది మంది, ఇటు పది మంది చొప్పున లాగుతారు. చూసేవాళ్లకు అందంగా ఉంటుంది. వాటాలు పంచాక ఒక్కొక్కరికి వచ్చేది చాలాసార్లు ఇంటి కూరకు సరిపడా చేపలే. పట్టిన చేపను ఉప్పుపెట్టి ఎండబెట్టడం, బజారులో అమ్మడం ఆడవాళ్ల పని. వాళ్లకు సొంత చీటీలుంటాయి, జులో-జులో అంటారు. డబ్బు చీటీలే కాకుండా నాట్ల రోజుల్లో పని చీటీలు కూడా. ఈ వారం అందరూ నా పొలంలో, వచ్చే వారం నీ పొలంలో.

మన దేశానికి నేరుగా ముడిపడ్డ పంట గంబిర్. కొండవాలుల్లో పెరిగే పొద ఇది. సురాంతిహ్, తరుసాన్ వెనక కొండల్లో రైతులు ఆకులు, లేత కొమ్మలు కోసి, తోటలోనే ఉన్న పాకలో పెద్ద డేగిసాలో ఉడికిస్తారు. వేడి వేడి ముద్దను తాళ్లతో కట్టి చెక్క యంత్రంలోనో జాకీ కిందో నొక్కి పసరు తీస్తారు. రాత్రంతా పేరుకున్న పసరు గట్టిపడ్డాక చిన్న అచ్చుల్లో పోసి ఎండబెడతారు. ఉడికించే, నొక్కే పనిలో ఉన్నవాళ్లు రోజుల తరబడి ఆ పాకలోనే, పొగలోనే ఉంటారు. ప్రపంచంలో గంబిర్‌లో సింహభాగం ఇండోనేషియాది, అందులో ఎక్కువ పశ్చిమ సుమత్రాది, దాన్ని కొనేవాళ్లలో మొదటి స్థానం భారతదేశానిది. ఎందుకంటే కాచు. చండ్ర చెట్టు నుంచి తీసే కాచు ఖరీదై, ఆ చెట్లు నరకడం కష్టమయ్యేసరికి కిళ్ళీ, పాన్ మసాలా పరిశ్రమ సుమత్రా గంబిర్ వైపు తిరిగింది. కిళ్ళీ కొట్టులో ఆకు మీద రాసే ఎర్రటి పూతలో పెసిసిర్ సెలాతన్ కొండల ఆకు పసరు కూడా ఉండే అవకాశం బాగానే ఉంది.

ఒకే దేశం, అందులోనూ కొద్దిమంది వ్యాపారులు, కొనుగోలుదారులైతే ఏమవుతుందో ఊహించవచ్చు. ధర ఒక ఏడు ఆకాశానికి వెళుతుంది, రైతు అప్పు చేసి కొత్త తోట వేస్తాడు. ఆ పొద కోతకు వచ్చేసరికి ధర మూడోవంతుకు పడిపోతుంది. అప్పుడు బరువు పెరగాలని కొందరు గంబిర్‌లో మట్టి కలుపుతారు. నాణ్యత పడిపోయిందని కొనేవాళ్లు ధర ఇంకా తగ్గిస్తారు. ఇక్కడే శుద్ధి చేసి కాటెచిన్ అనే పదార్థం తీసి మందుల కంపెనీలకు అమ్మాలన్న ప్రణాళికను అధికారులు చాలాకాలంగా చెబుతున్నారు. చెప్పడం తేలికే. కొనేవాడికి ముడిసరుకు కావాలి, తయారైన సరుకు కాదు.

ఇది కొత్త కథేమీ కాదు. పైనాన్ ఎదురుగా కనిపించే చింకుక్ దీవిలో డచ్ ఈస్టిండియా కంపెనీ 1660లలో కోట కట్టుకుంది. 1663 ఒప్పందంతో ఈ తీరపు నాయకులు అచే పెత్తనం వదిలించుకుని డచ్చివాళ్ల పెత్తనం తెచ్చుకున్నారు. ఇక్కడి మిరియాలు, బంగారానికి బదులుగా ఓడల్లో దిగిన సరుకుల్లో కోరమండల్ తీరపు నూలు బట్టలు ముఖ్యమైనవి. ఆ తీరంలో డచ్చివాళ్ల పెద్ద రేవుల్లో మచిలీపట్నం ఒకటి. మిరియాలు పోయి గంబిర్ వచ్చింది, తక్కెడ మాత్రం ఎప్పుడూ బయటివాళ్ల చేతిలోనే ఉంది.

జిల్లా దక్షిణ కొసన లునాంగ్, సిలావుత్ వైపు ఆయిల్ పామ్ రాజ్యం. జావా నుంచి ప్రభుత్వం తెచ్చి స్థిరపరచిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. నెలకు రెండుసార్లు గెలలు కోస్తే రెండుసార్లు డబ్బు చేతికొస్తుంది, అందుకే వరి పొలాలు కూడా పామ్ తోటలవుతున్నాయి. కోసిన గెల ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరాలి, లేకపోతే పనికిరాదు, కాబట్టి బేరం చేసే వీలుండదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ప్రభుత్వం పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే 23న మళ్లీ తెరిచింది. ఆ నెల రోజుల్లో హైదరాబాద్ కిరాణా కొట్టులో నూనె ప్యాకెట్ ధర పెరిగిందని మనం గొణుక్కున్నాం. సిలావుత్ రైతుకు అదే నెలలో గెల ధర కూలిపోయింది.

ఊరిని విడగొట్టి, కలిపి, మళ్లీ విడగొట్టి

మినాంగ్‌కబావ్ ఊరిని నగరీ అంటారు. గోత్రాలు, మసీదు, సభామందిరం, ఉమ్మడి భూములు అన్నీ కలిసిన చిన్న గణతంత్రం లాంటిది అది. అధ్యక్షుడు సుహార్తో కాలంలో 1979 నాటి చట్టం దేశమంతా జావా పద్ధతి ఊరు ఒక్కటే ఉండాలంది. పశ్చిమ సుమత్రాలో 1983లో అది అమలైనప్పుడు అధికారులు తెలివిగా ఒక లెక్క వేశారు. కేంద్రం ఊరికింత అని గ్రాంటు ఇస్తోంది, కాబట్టి ఊళ్ల సంఖ్య పెంచితే డబ్బు పెరుగుతుంది. 543 నగరీలు ముక్కలై 3,500కు పైగా ఊళ్లయ్యాయి. డబ్బు వచ్చింది. దాతుక్‌లకు మాత్రం ఊళ్లో మాట చెల్లకుండా పోయింది. సుహార్తో దిగిపోయాక 2000 సంవత్సరంలో వచ్చిన రాష్ట్ర చట్టంతో నగరీలు తిరిగొచ్చాయి, ఆచారానికి పూర్వ వైభవం అని సంబరాలు జరిగాయి.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. 2014లో గ్రామ చట్టం వచ్చింది, 2015 నుంచి ప్రతి ఊరికీ కేంద్రం నేరుగా గ్రామ నిధి ఇస్తోంది. దేశం మొత్తానికి ఇది మొదటి ఏడాది 20 లక్షల కోట్ల రూపాయాల పైచిలుకు, 2024 నాటికి 71 లక్షల కోట్ల రూపాయాలు. సుమారు 75 వేల ఊళ్లకు పంచితే సగటున ఊరికి 90 కోట్లకు పైగా రూపాయాలు. అంకె చూసి కంగారు పడకండి, మన డబ్బులో అర కోటి చుట్టూ ఉంటుంది. ఊరికింత అన్న లెక్క మళ్లీ రావడంతో పాత తెలివీ మళ్లీ మేల్కొంది. పెసిసిర్ సెలాతన్‌లో 37గా ఉన్న నగరీలు విడిపోతూ విడిపోతూ 182 అయ్యాయి. కాలువ గట్లు, సిమెంటు రోడ్లు, పొలాలకు వెళ్లే దారులు ఈ డబ్బుతో నిజంగానే బాగుపడ్డాయి, దాన్ని తక్కువ చేయను. చిక్కు ఏమిటంటే పాలన 182 ముక్కలైనా, ఆచార మండలి చాలాచోట్ల పాత నగరీకి ఒక్కటే మిగిలింది. ఎన్నికైన సర్పంచ్ ఒకచోట, భూమి మీద మాట చెప్పే దాతుక్‌లు ఇంకోచోట. గ్రామ నిధితో కోల్డ్ స్టోరేజీ కడదామన్నా దానికి స్థలం కావాలి, స్థలం అంటే మళ్లీ ఆ సంతకాలే.

సముద్రం ఇటు, పార్కు అటు

మాండే అనే అఖాతం పెసిసిర్ సెలాతన్ ఉత్తర కొసన ఉంది. చిన్న చిన్న దీవులు, లోపలికి చొచ్చుకొచ్చిన నిలకడ నీరు, మడ అడవులు. 2015లో అప్పటి అధ్యక్షుడు జోకో విదోదో వచ్చి చూశాక రోడ్డు పడింది, వారాంతాల్లో పాడాంగ్ నుంచి జనం వస్తున్నారు. పడవ నడిపేవాళ్లకు, టిఫిన్ అమ్మేవాళ్లకు ఆదాయం వచ్చింది. పెద్ద హోటళ్లు కావాలన్నవాళ్లకు మాత్రం పాత ప్రశ్నే ఎదురైంది: ఈ కొండ ఎవరి ఉమ్మడి భూమి, ఎవరితో ఒప్పందం రాయాలి? పెట్టుబడిదారుకు ఇది అడ్డంకి. రోడ్డు పక్క చౌకగా అమ్ముకుని తర్వాత అదే స్థలంలో వాచ్‌మన్‌గా చేరిన పల్లెవాళ్లను మన తీరంలోనూ చూసిన నాకైతే ఈ ఆలస్యం అంత చెడ్డగా అనిపించదు. ఊరి చేతిలో ఉన్న చిన్న ప్రయత్నాలు నిలబడుతున్నాయి. అంపియాంగ్ పరాక్‌లో స్థానిక యువకులు తాబేళ్ల గుడ్లను తినడం, అమ్మడం నుంచి కాపాడే పని చేపట్టారు, మడ మొక్కలు నాటారు, చూడ్డానికి జనం వస్తున్నారు. వీటితో ఊరు ధనవంతమైపోదు, పది కుటుంబాలకు పక్క ఆదాయం దొరుకుతుంది.

తీరం నుంచి కొంచెం లోపలికి జరుగుదామంటే కొండ మీద పార్కు హద్దు రాళ్లుంటాయి. కెరించి సెబ్లాత్ 2004 నుంచి యునెస్కో వారసత్వ అడవి. గంబిర్ తోట ఒక్కో ఏడు కాస్త పైకి పాకితే అది ఆక్రమణ కేసు అవుతుంది. సముద్రం వైపు ఉండే భయం ఇంకా పెద్దది. ఎదురుగా మెంతావాయ్ దీవుల కింద భూఫలకాలు తలపడే చోటు, 1797లో, 1833లో భారీ భూకంపాలు వచ్చింది అక్కడే. 2009 సెప్టెంబర్ 30 భూకంపంలో పాడాంగ్, పారియామన్ ప్రాంతాల్లో 1,100 మందికి పైగా చనిపోయారు. 2010 అక్టోబర్‌లో మెంతావాయ్‌లో సునామీ 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. శాస్త్రవేత్తలు అసలు పెద్దది ఇంకా రావాల్సి ఉందంటున్నారు. సునామీ దారి గుర్తులు స్తంభాల మీద ఉంటాయి, వాటి కిందే చేపలు ఎండుతుంటాయి. 2024 మార్చిలో దెబ్బ మాత్రం కొండ వైపు నుంచి వచ్చింది. రెండు రోజుల వానకు వరదలు, కొండచరియలు, జిల్లాలో 20 మందికి పైగా మృతులు, తెగిన వంతెనలు. ఎత్తయిన చోటికి మారండి అని సలహా ఇవ్వడం సులువు. తమ కౌమ్ భూమి దాటి వేరే గోత్రం నేలలో ఇల్లు కట్టుకోవాలంటే, అడిగి, ఒప్పించి, ఆ ఊరి ఆచారం ప్రకారం వాళ్ల నీడలో చేరాలి.

బంగారంలో రాసిన అప్పు

ఇవన్నీ చూశాక ఈ ఊళ్ల భవిష్యత్తును తేల్చేది పర్యాటకమో గంబిర్ ధరో అనిపిస్తుంది. నా అనుమానం తాకట్టు మీద ఉంది. అమ్మకూడదన్న ఆచారం గట్టిగా ఉండడం వల్ల అవసరాలన్నీ ఆ ఒక్క సందులోంచే వెళతాయి. నాలుగు కారణాలే అన్న నియమం పేరుకు ఉంది, ఇప్పుడు కాలేజీ ఫీజుకూ, మలేషియా ప్రయాణానికీ, ఆస్పత్రి బిల్లుకూ పొలం తాకట్టు పడుతోంది. పొలం అప్పిచ్చినవాడి చేతికి వెళుతుంది, పంట అతనిదే, అసలు తీర్చేదాకా. ఎన్ని దశాబ్దాలైనా పొలం మునిగిపోదు, ఇది ఆచారం ఇచ్చే రక్షణ. ఏడేళ్లు అనుభవించిన తాకట్టు భూమిని డబ్బు అడక్కుండానే తిరిగిచ్చేయాలని 1960 నాటి ఇండోనేషియా చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. దాన్ని అడిగే ధైర్యం పల్లెలో ఎవరికుంది? అప్పిచ్చింది బంధువే, రేపు మళ్లీ అవసరం పడేది అతనితోనే.

అప్పును రూపాయాల్లో కాకుండా బంగారంలో రాసుకోవడం ఇక్కడి పాత అలవాటు. కొలత అమెహ్, రెండున్నర గ్రాములు. రూపాయా విలువ పడిపోయే దేశంలో ఇది రెండు పక్షాలకూ న్యాయంగానే ఉండేది. గత కొన్నేళ్లుగా బంగారం ధర పరిగెత్తిన వేగంతో వరి ధర, చేపల ధర, తాత్కాలిక టీచరు జీతం పరిగెత్తలేదు. పదేళ్ల కింద 20 అమెహ్‌లకు పొలం పెట్టిన కుటుంబానికి అదే 50 గ్రాములు కొనాలంటే ఇప్పుడు ఊళ్లో పనిచేసి అయ్యే పని కాదు. విడిపించగలిగేది వలసలో సంపాదించిన మేనమామో, జకార్తాలో స్థిరపడ్డ పెద్దమ్మ కూతురో. ఆచారం ప్రకారం వాళ్లు విడిపిస్తే తాకట్టు వాళ్ల చేతికి మారుతుంది, పొలం వాళ్ల ఆధీనంలోకి వెళుతుంది, పాత ఇంటివాళ్లు అదే పొలంలో పాలుకు చేస్తారు. కౌమ్ పేరు చెరగదు. అమ్మకం ఎక్కడా జరగలేదు. వంశవృక్షం మీద అందరి పేర్లూ అలాగే ఉంటాయి, ధాన్యం బస్తాలు మాత్రం ఒకే కొమ్మ వైపు వెళుతుంటాయి.